పులుపే దాని బలం

వైన్ గురించి రాసేవాళ్ల దగ్గర ఒక పాత జాబితా ఉంది. వైన్ పక్కన పెట్టకూడని తిండి పదార్థాల జాబితా అది. ఆస్పరాగస్ కాడలు, ఆర్టిచోక్ మొగ్గలు, వెనిగర్ పోసి కలిపిన సలాడ్, ముక్కుకెక్కే ఘాటు దినుసులు, మిరపకారం అందులో ఎప్పుడూ ఉంటాయి. వీటిలో అరుదైనదంటూ ఏదీ లేదు. ఏదో ఒక దేశపు వంటింట్లో రోజూ తిరిగేవే అన్నీ. మనుషులు రోజూ తినే తిండిలో ఇంత భాగం వైన్‌కు పనికిరాదని తేల్చేస్తే, లోపం తిండిలో కంటే ఆ లెక్క కట్టిన తీరులోనే ఉండి ఉండాలి. ఆ లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికి ఆస్ట్రియాలో పండే ఒక తెల్ల ద్రాక్ష సాయపడుతుంది. దాని పేరు గ్రూనర్ ఫెల్ట్‌లీనర్. ఈ ద్రాక్షతో చేసిన తాజా వైన్, జాబితాలోని పదార్థాల్లో చాలావాటి పక్కన ఇబ్బంది లేకుండా ఇముడుతుంది. కారణం వెతికితే మూడు లెక్కలు తేలతాయి: పులుపు ఎంత, వగరు ఎంత, ఆల్కహాల్ ఎంత. భోజనానికి పానీయం కుదురుతుందా లేదా అన్నది ఖరీదు కంటే, రంగు కంటే, ఈ మూడింటి మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. గ్రూనర్ తేలికదనాన్ని చాలామంది లోటుగా చూస్తారు. నిజానికి అది నేల, వాతావరణం, రైతు, చట్టం నాలుగూ కలిసి నిలబెట్టిన గుణం. పళ్లెం పక్కన దానికి దక్కిన చోటు ఆ గుణం వల్లే దక్కింది.

ముందు నేల సంగతి. ఆస్ట్రియా పడమటి భాగమంతా ఆల్ప్స్ పర్వతాలు కావడంతో ద్రాక్ష తోటలు దాదాపు అన్నీ తూర్పు అంచునే ఉన్నాయి. దేశం మొత్తం మీద సాగు సుమారు 44 వేల హెక్టార్లు, అంటే లక్ష ఎకరాల పైచిలుకు. అందులో ఇంచుమించు మూడో వంతు ఈ ఒక్క రకానిదే. రాజధాని వియన్నాను చుట్టి ఉన్న దిగువ ఆస్ట్రియా రాష్ట్రం దీనికి ప్రధాన కేంద్రం. డాన్యూబ్ నదినీ దాని ఉపనదులనూ ఆనుకుని వాఖావ్, క్రెమ్స్‌టాల్, కాంప్‌టాల్, ట్రైజెన్‌టాల్, వాగ్రామ్ ప్రాంతాలున్నాయి. వాటికి ఉత్తరాన చెక్ సరిహద్దు దాకా వైన్‌ఫీర్టెల్ పరుచుకుని ఉంది. ఇక్కడ పగలు హంగరీ వైపు మైదానాల నుంచి వెచ్చని గాలి వస్తుంది. రాత్రి ఉత్తరాన ఉన్న అడవుల ఎత్తుల నుంచి చల్లగాలి లోయల్లోకి దిగుతుంది. పగటి వెచ్చదనానికి పండులో చక్కెర పెరుగుతుంది. రాత్రి చలికి పులుపు ఖర్చయిపోకుండా మిగులుతుంది. ఇక మట్టి. మంచుయుగాల్లో గాలి మోసుకొచ్చి పోసిన మెత్తని పసుపు వన్నె ధూళి ఇక్కడ కొన్నిచోట్ల మీటర్ల లోతున మేట వేసింది. దాన్ని లోయెస్ అంటారు. అది నీటిని బాగా పట్టి ఉంచుతుంది. గ్రూనర్ తీగ నీటి ఎద్దడిని ఓర్చుకోలేదు కాబట్టి ఈ మట్టి దానికి సరిపోయింది. వాఖావ్‌లో రాతి గోడలు కట్టి మెట్లు మెట్లుగా మలిచిన కొండవాలుల మీద పైనున్న పలుచని రాతినేలను ఎక్కువగా రీస్లింగ్ ద్రాక్షకు వదిలి, కింద లోయెస్ ఉన్నచోట గ్రూనర్ నాటుతారు. ఆ లోయను 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

చల్లని రాత్రులు మిగిల్చిన పులుపును వైన్ దాకా చేర్చడం తయారీదారు పని. ద్రాక్షలో ప్రధానంగా రెండు ఆమ్లాలుంటాయి. ఒకటి టార్టారిక్ ఆమ్లం. మన చింతపండు పులుపుకూ మూలం అదే. రెండోది పచ్చి యాపిల్‌లో ఉండే మాలిక్ ఆమ్లం. చాలా వైన్లలో చక్కెర పులిసి ఆల్కహాల్ అయ్యాక, బ్యాక్టీరియా సాయంతో ఈ మాలిక్ ఆమ్లాన్ని పాలలో ఉండే మెత్తని ఆమ్లంగా మారనిస్తారు. దానివల్ల వైన్‌కు వెన్నలాంటి నునుపు వస్తుంది కానీ పదును తగ్గుతుంది. తాజా గ్రూనర్ చేసేవాళ్లు మామూలుగా ఈ మార్పును ఆపేస్తారు. రసాన్ని తొక్కల మీద ఎక్కువసేపు నాననివ్వరు కాబట్టి వగరునిచ్చే టానిన్లు పెద్దగా దిగవు. కొత్త ఓక్ పీపాల్లో పోయరు కాబట్టి చెక్క వాసన అంటదు. చల్లగా ఉంచిన స్టీలు ట్యాంకుల్లో పులియబెట్టి, కోత జరిగిన కొన్ని నెలలకే, తరచుగా మరుసటి వసంతంలోనే, సీసాల్లోకి ఎత్తుతారు. అలా వచ్చిన వైన్ లేత ఆకుపచ్చ ఛాయతో ఉంటుంది. పచ్చి యాపిల్, నిమ్మ, బేరి పండు వాసనలు వేస్తుంది. చివర్లో సన్నని చేదు తగులుతుంది. తీపి దాదాపు ఉండదు. ఏమీ కలపకుండా, ఏమీ పూయకుండా చేసింది కదా అని దీన్ని సులువైన వైన్ అనుకోకూడదు. చెక్క వాసన, తీపి ఉన్నచోట పండులోని లోపాలు కొంతవరకు దాగుతాయి. ఇక్కడ దాగడానికి చోటు లేదు. కోత నాలుగు రోజులు ముందైతే పచ్చివాసన, నాలుగు రోజులు ఆలస్యమైతే బరువు. తాజాదనం ఆ సన్నని గడువును పట్టుకోవడంలోనే ఉంది.

ఈ వైన్‌కు ఇంకో గుర్తు ఉంది. గ్లాసు ముక్కు దగ్గరకు తెచ్చుకుంటే అప్పుడే దంచిన మిరియాల వాసన వస్తుంది. చాలాకాలం అది వర్ణన కోసం వాడిన మాట అనుకున్నారు. 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు షిరాజ్ అనే ఎర్ర ద్రాక్షలో మిరియపు వాసనకు కారణం రొటుండోన్ అనే పదార్థమని తేల్చారు. మిరియాల గింజకు ఆ వాసననిచ్చేదీ అదే. 2011లో ఇటలీ పరిశోధకులు గ్రూనర్‌లోనూ దాన్ని పట్టుకున్నారు. లీటరు ఎర్ర వైన్‌లో గ్రాములో వంద కోట్లవ వంతులు 16 ఉంటే చాలు, ముక్కు దాన్ని గుర్తిస్తుంది. అంటే మలబారు తీరం నుంచి ఓడలెక్కి యూరప్ చేరిన మిరియానికీ, డాన్యూబ్ ఒడ్డున పెరిగే ఈ ద్రాక్షకూ నిజంగానే ఉమ్మడి వాసన ఉంది. అయితే అదే ఆస్ట్రేలియా పరిశోధనలో పాల్గొన్నవారిలో దాదాపు ఐదో వంతుకు రొటుండోన్ ఎంత కలిపినా వాసనే తెలియలేదు. ఈ సంగతి ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. గ్రూనర్ భోజనానికి కుదరడానికి మిరియపు వాసనే ముఖ్య కారణమని ప్రచారం చేసేవాళ్లున్నారు. అదే నిజమైతే ఐదుగురిలో ఒకరికి ఈ వైన్ దేనికీ కుదరకూడదు. వాసన ఒక అందం. అసలు పని పులుపుది, తక్కువ వగరుది, అదుపులో ఉన్న ఆల్కహాల్‌ది. నాలుక మీద ఈ మూడూ చేసే పని మిరియం వాసన తెలియనివారికీ తెలుస్తుంది.

తేలికదనాన్ని ఈ దేశం ఎందుకు అంత పట్టుదలగా కాపాడుకుంటోందో అర్థం కావాలంటే దాని చరిత్రలో ఒక చేదు ఘట్టం చూడాలి. 1950ల్లో క్రెమ్స్ దగ్గర రోరెన్‌డోర్ఫ్‌కు చెందిన లెంజ్ మోజర్, తీగలను ఎత్తుగా పెంచి వరసల మధ్య ట్రాక్టరు తిరిగేంత ఎడం వదిలే సాగు పద్ధతిని ప్రచారం చేశాడు. గ్రూనర్ దానికి బాగా ఒదిగింది. ఎక్కువ కాయ కాసే రకం కావడంతో దేశమంతా పాకింది. కానీ కాపు విపరీతంగా పెరిగితే వైన్ పలచబడుతుంది. ఆ రోజుల్లో బయటి మార్కెట్, ముఖ్యంగా జర్మనీ, ఆస్ట్రియా నుంచి చవకగా దొరికే తియ్యని, బరువైన వైన్లను కోరేది. 1985లో కొందరు వ్యాపారులు పలచని వైన్‌కు తీపీ చిక్కదనమూ తెప్పించడానికి డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం కలుపుతున్నారని బయటపడింది. ఎగుమతులు కుప్పకూలాయి. తప్పు చేసినవారితోపాటు చేయనివారూ మునిగారు. అదే ఏడాది ఆస్ట్రియా కఠినమైన వైన్ చట్టం తెచ్చింది. తయారీదారులు తియ్యని చవక సరుకు వదిలి, తీపి లేని వైన్ వైపు మళ్లారు. వాఖావ్ రైతులు అంతకు ముందే, 1983లో, వినేయా వాఖావ్ అనే సంఘం పెట్టుకున్నారు. తమ వైన్లకు మూడు తరగతులు ఏర్పరచుకున్నారు. అన్నిటికంటే తేలికైన ష్టైన్‌ఫెడర్‌లో ఆల్కహాల్ 11.5 శాతం మించకూడదు. మధ్య రకం ఫెడర్‌ష్పీల్ 11.5 నుంచి 12.5 శాతం మధ్య ఉండాలి. బాగా పండిన కాయతో చేసే స్మరాగ్ద్ 12.5 శాతానికి తగ్గకూడదు. ఆ తర్వాత 2002 పంటతో వైన్‌ఫీర్టెల్ ప్రాంతం దేశంలోనే మొదటిసారిగా డీఏసీ అనే ప్రాంతీయ ముద్ర సంపాదించింది. మామూలు రకానికి ఆ ముద్ర వేయాలంటే వైన్ గ్రూనర్‌తోనే చేయాలి, తీపి ఉండకూడదు, చెక్క వాసన తెలియకూడదు, మిరియపు ఘాటు పలకాలి. ఇన్ని నియమాలు పెట్టుకుని కాపాడుకున్న గుణాన్ని లోటు అనడం సబబు కాదు.

ఇక పళ్లెం దగ్గరకు వద్దాం. 1784 ఆగస్టులో రెండో జోసెఫ్ చక్రవర్తి ఒక ఉత్తర్వు ఇచ్చాడు. ఎవరు పండించిన వైన్‌ను వాళ్లే తమ ఇంటి దగ్గర అమ్ముకోవచ్చన్నది దాని సారాంశం. వియన్నా శివార్లలోని హొయ్‌రిగర్‌లు ఆ ఉత్తర్వు మీదే ఎదిగాయి. హొయ్‌రిగర్ అంటే రైతు తన ఆ ఏటి వైన్ పోసే చోటు. అమ్మకం మొదలైందని తెలియడానికి ఇంటి ముందు పచ్చని కొమ్మ వేలాడగడతారు. చెక్క బల్లల మీద రొట్టె, చల్లార్చిన పంది మాంసం ముక్కలు, కారపు మిరపపొడి కలిపిన లిప్టావర్ అనే వెన్నముద్ద లాంటి జున్ను, వెనిగర్ వేసిన బంగాళాదుంప సలాడ్, పచ్చళ్లు పెడతారు. ఎండాకాలంలో వైన్‌లో సగానికి సగం సోడా కలిపి తాగుతారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ తిండి పదార్థాల్లో దేన్నీ వైన్‌కు కుదురుతుందని నిపుణుడెవరూ ఎంచి పెట్టలేదు. కొవ్వు, ఉప్పు, పులుపు, రొట్టె ఉన్న మామూలు పల్లె తిండి అది. దాని పక్కన తరతరాలుగా నిలిచింది కాబట్టే ఈ తరహా వైన్ నిలిచింది. వైన్ తిండిని మార్చిందనడం కంటే, తిండి వైన్‌ను వడకట్టిందనడం న్యాయం.

కొవ్వుకూ పులుపుకూ ఉన్న పొత్తు ఎవరికీ కొత్త కాదు. నూనెలో వేగిన మిరపకాయ బజ్జీ మీద నిమ్మకాయ పిండడం మనకు ఎంత మామూలో, వియన్నాలో ష్నిట్సెల్ పక్కన నిమ్మచెక్క పెట్టడం అంత మామూలు. దూడ మాంసాన్ని పలచగా కొట్టి, పిండి, గుడ్డు, రొట్టెపొడి అద్ది వేయించే ఆ వంటకం ఆస్ట్రియా పేరు చెబితే ముందు గుర్తొచ్చేది. కోడిని అదే పద్ధతిలో వేయిస్తే బాక్‌హెండ్ల్. వేపుడు తింటుంటే నాలుక మీద నూనె పొర కట్టి, నాలుగో ముద్దకే రుచి మందగిస్తుంది. పులుపు తగిలితే నోట్లో లాలాజలం ఊరి, ఆ మందం విడిపోయి, తర్వాతి ముద్ద మళ్లీ మొదటి ముద్దలా తెలుస్తుంది. తాజా గ్రూనర్ చేసేది ఇదే పని. ఉడకబెట్టిన గొడ్డుమాంసం టాఫెల్‌ష్పిట్స్‌ది ఇంకో తీరు. దాని పక్కన యాపిల్‌తో కలిపిన క్రెన్ అనే దుంప తురుము వడ్డిస్తారు. క్రెన్ ఘాటు ముక్కులోకి ఎక్కుతుంది. మాంసం కదా అని టానిన్ దట్టంగా ఉన్న ఎర్ర వైన్ పోస్తే ఘాటూ వగరూ పోట్లాడుకుంటాయి. మాంసానికి ఎర్రది, చేపకు తెల్లది అన్న పాత సూత్రం తేలిపోయేది ఇక్కడే. పళ్లెంలో ఉన్నది మాంసమే అయినా, జత నిర్ణయించేది దాని పక్కనున్న తురుము.

జాబితాలోని పెద్ద శత్రువు ఆస్పరాగస్ సంగతి కూడా అంతే. వియన్నాకు తూర్పున ఉన్న మార్ష్‌ఫెల్డ్ మైదానం తెల్ల ఆస్పరాగస్‌కు పేరున్న చోటు. ఏప్రిల్‌లో మొదలై జూన్ దాకా సాగే ఆ కాలంలో ఊరూరా దాన్నే వండుతారు. ఉడికించి, కరిగించిన వెన్న గానీ గుడ్డు సొనతో చేసిన సాస్ గానీ పోసి తింటారు. ఆస్పరాగస్‌లోని గంధక సమ్మేళనాల వల్ల చెక్క వాసన, టానిన్ ఉన్న వైన్ లోహపు రుచి పట్టి చేదెక్కుతుంది. చెక్కా టానినూ లేని వైన్‌లో చేదెక్కడానికి సరుకే తక్కువ. పైగా గ్రూనర్‌కు సహజంగా ఉన్న పచ్చికూరల వాసన ఆ కాడ వాసనతో కలిసిపోతుంది. వెన్న సంగతి పులుపు చూసుకుంటుంది. వెనిగర్ సలాడ్‌కు వేరే సూత్రం వర్తిస్తుంది. తిండి పులుపు వైన్ పులుపును మించితే వైన్ చప్పగా తోస్తుంది. కాబట్టి పులుపు వంటకానికి పులుపు వైనే కావాలి. ఆర్టిచోక్ మరీ చిక్కుది. అందులోని సైనరిన్ అనే పదార్థం తర్వాత తాగిన మంచినీళ్లను కూడా తియ్యగా తోపిస్తుంది. అసలే తీపి ఉన్న వైన్ దాని పక్కన వెగటు పుట్టిస్తుంది. తీపి లేకుండా, పుల్లగా ఉన్నది కొంచెం తియ్యబడి సర్దుకుంటుంది. మూడు పదార్థాలకు మూడు వేర్వేరు కారణాలున్నా, మూడింటి జవాబూ ఒకే చోటికి చేరుతోంది: పులుపు ఉండాలి, వగరూ తీపీ చెక్కా ఉండకూడదు.

మిరపకారం దగ్గర ఆల్కహాల్ లెక్క ముందుకొస్తుంది. కారం నిజానికి రుచి కాదు, మంట. మిరపలోని క్యాప్సైసిన్, నోట్లో వేడిని గుర్తించే నరాల గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. ఆ గ్రాహకం మామూలుగా 42 డిగ్రీల వేడి దగ్గర మేలుకుంటుంది. ఆల్కహాల్ తగిలితే ఆ హద్దు 34 డిగ్రీల దాకా తగ్గుతుందని 2002లో జరిగిన పరిశోధన చూపించింది. అంటే ఆల్కహాల్ ఎక్కువైతే మంటకు ఆజ్యం పోసినట్టే. పద్నాలుగున్నర శాతం ఆల్కహాల్, గట్టి వగరు ఉన్న ఎర్ర వైన్‌తో కారపు కూర తినడం అందుకే శిక్షలా ఉంటుంది. పదకొండున్నర, పన్నెండు శాతం దగ్గర ఆగే గ్రూనర్‌ను 8 నుంచి 10 డిగ్రీలకు చల్లబరిచి పోస్తే మంట తగ్గదు కానీ పెరిగేది తక్కువ. వియత్నాం, థాయ్ వంటకాలు పెట్టే రెస్టారెంట్లు చాలాచోట్ల ఈ వైన్‌ను తమ జాబితాల్లో చేర్చుకోవడానికి ఇది ఒక కారణం. చేపల సాస్ ఉప్పు, నిమ్మగడ్డి, కొత్తిమీర, అల్లం ఉన్న తిండి పక్కన ఇది బాగుంటుంది. తెలుగు భోజనానికి ఇదే లెక్క వేస్తే అన్నిటికీ కుదురుతుందన్న జవాబు రాదు. చింతపండు దట్టంగా పడిన చేపల పులుసు, గోంగూర పులుపులో వైన్‌ను దాటేస్తాయి. ఆవకాయ కారం, ఉప్పు, ఆవఘాటు కలిసి ఏ వైన్‌నైనా మింగేస్తాయి. మిరియాలు వేసిన కోడి వేపుడు, నిమ్మకాయ పిండిన వేయించిన చేప, రొయ్యల వేపుడు, అల్లం పచ్చిమిర్చి తగిలిన పెసర గారెలు మాత్రం ఈ వైన్ బలానికి అందేవే. ఎక్కడ కుదరదో కూడా చెప్పగలిగితేనే సూత్రం మీద నమ్మకం కలుగుతుంది.

ఇదంతా డబ్బున్నవాళ్ల ముచ్చట, ఎవరి నాలుక వాళ్లది, దీనికి సూత్రాలేమిటన్న అభ్యంతరం తరచు వినిపిస్తుంది. అందులో సగం నిజం ఉంది. ఇష్టం ఎవరిది వారిదే. రొటుండోన్ వాసన తెలియనివారున్నట్టే, చేదును ఎక్కువగా గ్రహించేవారూ, కారాన్ని కోరి పెంచుకునేవారూ ఉన్నారు. నోరు మండాలనే తినేవారికి ఆల్కహాల్ మంట పెంచడం వరమే కావచ్చు. అయితే ఇష్టం వేరు, నోట్లో జరిగే మార్పు వేరు. పులుపు తిన్నాక పులుపు తక్కువ తెలియడం, కారానికి ఆల్కహాల్ తోడైతే మంట పెరగడం ఖరీదును బట్టో చదువును బట్టో మారవు. ఆ మార్పు ఎలా వస్తుందో తెలిస్తే ఎవరి ఇష్టాన్ని వాళ్లు తామే వెతుక్కోవచ్చు, నిపుణుడి జాబితా మీద ఆధారపడనక్కర్లేదు. పైగా హొయ్‌రిగర్ బల్ల దగ్గర సోడా కలిపి తాగే ఈ వైన్‌ను డాబుకు గుర్తుగా చూపడం దాని చరిత్రకు విరుద్ధం.

రెండో అభ్యంతరం వైన్ తెలిసినవారి నుంచి వస్తుంది. తేలికైనది దాహానికి సరే, గొప్ప వైన్ కావాలంటే బరువు, లోతు, ఏళ్ల తరబడి నిలిచే శక్తి ఉండాలంటారు. ఈ ద్రాక్షకు ఆ శక్తి లేదనలేం. 2002లో లండన్‌లో జాన్సిస్ రాబిన్సన్, టిమ్ అట్కిన్ వంటి వైన్ రచయితలు పాల్గొన్న పోటీ రుచిచూపులో, పేర్లు దాచి పోసిన గ్రూనర్లు ఫ్రాన్స్ బర్గండీ ప్రాంతపు పేరుమోసిన షార్డొనే తెల్ల వైన్లను వెనక్కి నెట్టి ముందు వరస స్థానాల్లో అధిక భాగం దక్కించుకున్నాయి. కానీ ఈ ఫలితాన్ని నా వాదనకు సాక్ష్యంగా వాడుకోవడం సరికాదు. అక్కడ గెలిచినవి బాగా పండిన కాయతో చేసి, ఏళ్లు నిల్వ ఉంచిన బరువైన రకాలు. ఆ పోటీ రుజువు చేసింది ద్రాక్ష స్థాయిని, తాజా వైన్ విలువను కాదు. తాజా వైన్ విలువ కొలవాలంటే పోటీ బల్ల చాలదు. అక్కడ తిండి ఉండదు. ఒక్కో వైన్‌ను ఒక్క గుక్క రుచి చూసి ఉమ్మేస్తారు. అలాంటి చోట బరువైనదే ముందు కనబడుతుంది. భోజనం గంటసేపు సాగుతుంది, ముద్ద ముద్దకూ రుచి మారుతుంది. అక్కడ రెండో గ్లాసు దగ్గర కూడా అలసట పుట్టించనిదే గెలుస్తుంది. రెండు కొలమానాలూ నిజమైనవే. ఒకదాని తీర్పును రెండోదాని మీద రుద్దడమే తప్పు.

మూడో అభ్యంతరానికి తలవంచాల్సిందే. కారపు తిండికి కొంచెం తీపి ఉన్న, ఆల్కహాల్ ఇంకా తక్కువ ఉన్న జర్మన్ రీస్లింగ్ మేలు కదా అంటారు. నిజమే, తీపి మంటను కొంత అణుస్తుంది, గ్రూనర్‌కు ఆ శక్తి లేదు. కానీ ఒక భోజనంలో కారం ఒక్కటే ఉండదు. వేపుడు, సలాడ్, కూర, రొట్టె అన్నీ ఒకే బల్ల మీదకు వస్తాయి. తీపి వైన్ ఒకదానికి అద్భుతంగా కుదిరి, మిగతావాటికి అడ్డం పడవచ్చు. గ్రూనర్ దేనికీ అద్భుతం కాకపోయినా, చాలావాటి పక్కన సర్దుకుంటుంది. నలుగురు పంచుకుని తినే బల్లకు ఆ గుణమే ముఖ్యం. అయితే ఈ గుణం శాశ్వతమని ధీమా పడే రోజులు కావు ఇవి. వేసవులు వేడెక్కి కోతలు ముందుకు జరుగుతున్నాయి. చక్కెర త్వరగా పెరిగి పులుపు త్వరగా పడిపోతే, ష్టైన్‌ఫెడర్ లాంటి తేలిక వైన్ చేయడం ఏటేటా కష్టమవుతుంది. తాజాదనానికి విలువ లేదని కొనేవాళ్లు అనుకుంటే, దాన్ని కాపాడే శ్రమ రైతు ఎందుకు పడాలి?

అన్నిటికంటే బరువైన అభ్యంతరం ఆరోగ్యానిది. దాన్ని దాటవేసి ఈ వ్యాసం ముగించడం న్యాయం కాదు. ఆల్కహాల్ క్యాన్సర్ కారకం. ఆరోగ్యానికి హాని లేని మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. తేలిక వైన్ మంచిదన్న మాటకు అది ఒంటికి మేలు చేస్తుందన్న అర్థం లేదు. పదకొండున్నర శాతమైనా ఆల్కహాల్ ఆల్కహాలే. తాగనివారు ఈ వ్యాసం చదివి మొదలుపెట్టాల్సిన అవసరం ఎంత మాత్రం లేదు. పులుపు, వగరు, మంట గురించి ఇక్కడ చెప్పుకున్న లెక్కలు మజ్జిగకూ, నిమ్మకాయ సోడాకూ, చల్లని టీకీ అంతే వర్తిస్తాయి. తాగేవారి విషయంలో మాత్రం, భోజనంతోపాటు తక్కువ ఆల్కహాల్ ఉన్నది తక్కువగా తీసుకోవడం, బరువైనది ఖాళీ కడుపున పోసుకోవడం కంటే తక్కువ హాని. తేలికదనాన్ని గౌరవించే సంస్కృతి ఆ మేరకు వివేకం వైపే ఉంది.

కాబట్టి ఆస్ట్రియా గ్రూనర్ సీసా ఎదురైనప్పుడు ధర చూసే ముందు రెండు సంగతులు చూడాలి. ఆల్కహాల్ శాతం పన్నెండు దగ్గర ఉందా, కోత సంవత్సరం ఇటీవలిదా. రెండూ ఉంటే అది తాజా రకం. దాచిపెట్టకుండా చల్లగా, తిండితో తీసుకోవాల్సింది. ఆ తర్వాత పళ్లెం వైపు చూసి, అందులో కొవ్వుందా, పులుపు వైన్‌ను మించుతుందా, మంట ఎంత అని మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఆస్పరాగస్‌ను, సలాడ్‌ను, ఘాటును వైన్‌కు శత్రువులని జాబితా రాసినవారు బరువైన వైన్‌నే వైన్ అనుకుని రాశారు. ఆ తిండినే తింటూ బతికిన డాన్యూబ్ రైతులు దానికి తగిన వైన్ చేసుకున్నారు. ఏ ఊరి పానీయాన్నయినా అంచనా వేసేటప్పుడు ఆ ఊరి పళ్లెం కూడా పక్కన పెట్టుకోవాలని వాళ్ల అనుభవం చెబుతోంది.